మెస్ కమిటీ ఫోటోలో నిలుచున్నవారు

కుర్చీలో కూర్చున్నవారు: వసతి గృహం వార్డెన్ గారు. వారి వెనుక నిలుచున్నవారు, ఎడమ నుంచి కుడికి: తుల్సీరాం, శ్రీపాల్ రెడ్డి, కార్యదర్శినైన నేను, బిక్షపతి, గండ్ల రెడ్యా. స్థలం హనుమకొండలోని మా కళాశాల వసతి గృహపు వరండా. తేదీ 1961 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటలు. సందర్భం, ఆ సంవత్సరపు మెస్ కమిటీ పదవీకాలం ముగియడం.

ఛాయాచిత్రం కింది అట్టపై అచ్చయిన ఈ వివరాన్ని శుద్ధప్రతి రాసి స్టూడియోకు పంపినవాణ్ణి నేనే. వార్షిక పరీక్షల తరువాత ప్రతులు తయారయ్యాయి. నా ప్రతి తపాలాలో మా స్వగ్రామం బచ్చన్నపేటకు చేరింది. నేను అప్పటికే ఉద్యోగపు వేటలో ఉన్నాను. మా నాయన గారు దాన్ని నా పుస్తకాలున్న రేకు పెట్టెలో భద్రపరిచారు. ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు బోధించి, చివరి ఆరేళ్ళు ప్రిన్సిపాలుగా పనిచేసి, 1999లో పదవీ విరమణ చేసిన తరువాత జనగామలోని ఈ ఇంట్లో ఆ పెట్టె తెరిచాను. అప్పటికి ఫోటోలో నాతో నిలుచున్న నలుగురిలో ఒక్కరూ జీవించి లేరు.

నా సేకరణలో దీని సంఖ్య నలభై ఒకటి. మొత్తం వస్తువులు మూడు వందల పన్నెండు. ఊదారంగు సిరాతో రాసిన వారపు భోజనాల పట్టికలు, హాల్ టిక్కెట్లు, చక్కెర కోటా చీటీలు, వక్తృత్వ పోటీల కరపత్రాలు, సగం నిండిన ఆటోగ్రాఫ్ పుస్తకం, ఊరికి పోవడానికి వార్డెన్ గారు సంతకం చేసిన అనుమతి పత్రాలు, అన్నీ అందులో ఉన్నాయి. 1957 నుంచి 1961 వరకు మా ప్రాంతపు విద్యార్థి ఏమి తిన్నాడో, ఏమి చదివాడో, దేనికి నవ్వాడో తెలుసుకోవాలనుకునే వారికి ఇవి సాక్ష్యాలు. ప్రతి వస్తువుకూ ఒక సంఖ్య, ఒక వివరణ, ఒక తేదీ రిజిస్టరులో నమోదు చేశాను.

మధ్యాహ్నం రెండు దాటిన తరువాత ముందు గదిలో కూర్చొని వాటిని తిరగేయడం నా అలవాటు. పాత కాగితానికి ఒక మెత్తని వాసన ఉంటుంది. కిటికీ చువ్వల నీడలు బల్ల మీద మెల్లగా జరుగుతుంటాయి. కొంతసేపటికి జనగామ వీధి చప్పుడు పలచబడి, దాని అడుగు నుంచి మరో చప్పుడు పైకి తేలుతుంది. స్నానాల గదిలో బకెట్ల మోత, వరండా చివర ఎవరో రసాయన సూత్రాలు వల్లె వేసే గొణుగుడు, గుట్టల మీది నుంచి దిగివచ్చే తెల్లవారుజాము మంచు. ఆ మంచులో బావి గిలక తిరుగుతుంది. నీళ్ళు తోడుతూ రెడ్యా పాడుతుంటాడు. ఆ పాట అతని తండా భాషలోది. మాకెవరికీ అర్థం కాదు, అయినా దుప్పటి తీయకుండా వింటాం. అతడు పాట ఆపితేనే మాకు తెల్లవారినట్టు.

అతని గొంతు నాకు అరవై నాలుగేళ్ళుగా వినబడుతూనే ఉంది. ముఖం కోసం మాత్రం నలభై ఒకటో ఛాయాచిత్రంలో కుడివైపు చివర నిలుచున్న వ్యక్తిని చూసుకునేవాణ్ణి.

ఈ ఏడాది జనవరిలో జనగామ గ్రంథాలయంలో మూడు రోజులు నా సేకరణను ప్రదర్శించాను. ఒక దినపత్రిక మెస్ కమిటీ ఫోటోను పేర్లతో సహా ప్రచురించింది. ఆ తరువాతి ఆదివారం దీప అనే యువతి మా ఇంటికి వచ్చింది. భూపాలపల్లిలో ఉపాధ్యాయురాలు. స్వస్థలం కొత్తగూడ మండలంలోని ఒక తండా.

"నమస్తే సార్. పేపర్ల ఫోటో చూసి వచ్చిన. గండ్ల రెడ్యా అని ఉన్నది గదా, ఆయన మా అవ్వకు సొంత అన్న," అన్నది.

ఆమె చెప్పినది సంగ్రహంగా ఇది. కళాశాల విడిచిన తరువాత రెడ్యాకు భూపాలపల్లి అవతలి అడవి గ్రామంలో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. 1963 వానాకాలంలో జ్వరం తగిలి అక్కడే మరణించాడు. వాగులు పొంగి ఉండటం వల్ల శవాన్ని తండాకు తేలేకపోయారు. అక్కడే పూడ్చిపెట్టారు. అతని ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఇప్పుడు తండా యువకులు చందాలు వేసుకొని అతని పేరిట ఒక చదువుల గది కట్టారు. ఫిబ్రవరి 28న దాన్ని తెరుస్తారు.

"మాకు ఆయన పేరున్నది సార్, ముఖం లేదు," అన్నది దీప.

ఫోటోలో కుడివైపు చివరి వ్యక్తి ముఖాన్ని పెద్దది చేయించి ఆమెకు అందజేశాను. ఒక కుటుంబానికి దాని మనిషిని తిరిగి ఇచ్చానన్న తృప్తితో ఆ రాత్రి గాఢంగా నిద్రపోయాను.

పదిరోజులకు దీప ఫోను చేసింది.

"సార్, తప్పుగ అనుకోకుండ్రి. మా అవ్వ ఒప్పుకుంటలేదు. గీయన ఎవలో నాకెర్క లేదు, మా అన్న కాదు అంటున్నది."

"తండాలో మిగతావారు ఏమంటున్నారు?"

"వాళ్ళందరు అవ్వనే సముదాయిస్తున్రు సార్. పేపర్ల పడ్డది, ప్రిన్సిపాల్ సార్ ఇచ్చిండు, నీకే యాది తప్పింది అంటున్రు. ఫ్రేం గూడ కట్టించిన్రు."

వయసు మీదపడిన వారి జ్ఞాపకం గురించి నేను రెండు మాటలు చెప్పాను. నా వయసు ఎనభై నాలుగని అప్పుడు నాకు తోచలేదు. అసలు ఫోటోను చూపిస్తే సందేహం తీరుతుందని, ఆమెను తీసుకురమ్మని చెప్పాను.

మహబూబాబాదు నుంచి పొద్దుటి రైలుకు ఇద్దరూ వచ్చారు. దీప అవ్వ పేరు గంగి. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉంది. నా భార్య సునంద చాయ తెచ్చి ఇచ్చింది. గంగి గ్లాసును పక్కన పెట్టి, "ముందుగాల ఫోటో సూడనియ్యి," అన్నది.

బల్ల మీద దీపం వెలిగించి, ఛాయాచిత్రాన్ని పరిచి, నా భూతద్దం ఇచ్చాను. భూతద్దాన్ని ఆమె తిరిగి నా ముందుకే జరిపింది. కుడివైపు చివరి మనిషిని చూసి తల అడ్డంగా ఊపింది. వేలు మెల్లగా వరుస వెంట నడిచి, బిక్షపతిని దాటి, నన్ను దాటి, శ్రీపాల్‌ను దాటి, ఎడమ చివర ఆగింది. అక్కడి నుంచి మరి కదలలేదు.

"గీయన మా భియా," అన్నది. వారి భాషలో అన్నను అట్లా పిలుస్తారట.

"కాదమ్మా. ఆయన తుల్సీరాం. జనగామలో బట్టల దుకాణం వారి అబ్బాయి."

"దుకాణపాయన గిట్ల నిలవడ్తడా సారూ? సూడు జర. బరువంత ఒక్క కాలు మీద ఏసిండు. రెండో కాలు మడిమె లేపిండు. మేకలు గాసెటోడు కట్టె మీద ఆనుకున్నట్టు. మా భియా చేతుల కట్టె లేకున్నా గట్లనే ఆనుకుంటుండె. మా యాడి తిడ్తుండె, కింద పడ్తవు కొడకా అని."

"నిలబడే తీరును బట్టి మనిషిని నిర్ధారించలేము."

"మరి గా చివరాయన చేతికి గడియారమున్నది. మా భియాకు గడియారమెక్కడిది?"

"ఫోటో రోజున కోట్లు, గడియారాలు ఒకరివి ఒకరు ఎరువు తెచ్చుకోవడం మా హాస్టలు ఆచారం."

"గడియారం ఎరువు తెచ్చుకుంటరు, సరే. కాలు గూడ ఎరువు తెచ్చుకుంటరా?"

సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను నవ్వలేదు. అట్టపై అచ్చయిన పేర్లను వేలితో ఒక్కొక్కటిగా చూపించి చదివాను. కాగితం మరచిపోదని, మనుషులే మరచిపోతారని చెప్పాను.

గంగి ఓపికగా విన్నది. "నాకు అచ్చు సదువ రాదు. గందుకే మనిషిని సూస్తున్న," అన్నది. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది: "సారూ, ఆయన ముఖం ఎర్కున్నోళ్ళల్ల నేనొక్కదాన్నే మిగిలిన. నేను పోయినంక గోడ మీద ఎవలుంటే గాయనే రెడ్యా అయితడు. ఇంక అడిగెటోళ్ళు ఉండరు. పిలగాండ్లు పరాయోనికి దండం పెట్టుకుంట పెరుగుతరు."

"అచ్చయిన ఆధారాన్ని కాదనాలంటే దానికి మించిన ఆధారం కావాలి," అన్నాను. తరగతి గదిలో అనేకసార్లు చెప్పిన వాక్యం అది.

ఆమె లేచింది. చాయ చల్లారిపోయింది. "దీపా, నడువు. బండికి యాళ్ళయితుంది," అన్నది. గడప దాటుతూ వెనుకకు తిరిగి, "కోపం లేదు సారూ. గని గా ఫోటోకు నేనైతే దండెయ్య," అన్నది. వీధి మలుపు వరకు ఆమె అదే నిటారుతనంతో నడిచి వెళ్ళడం కిటికీలోంచి చూశాను.

ఆ మధ్యాహ్నం కుర్చీలోనే కన్ను మూతపడింది. గది వరండాగా మారింది. ఫోటోలోని వాళ్ళు అట్ట మీది నుంచి దిగి నా చుట్టూ నిలుచున్నారు, తెల్లని చొక్కాలు, నూనె రాసిన జుట్టు, తడి నేల మీద చెప్పులు లేని పాదాలు. హాజరు పిలిచాను. తుల్సీరాం అంటే ఒకరు పలుకుతున్నారు, ఆ పలుకు మరొకరి నోటి నుంచి వస్తున్నది. శ్రీపాల్ అంటే ఇద్దరు చెయ్యెత్తుతున్నారు. వాళ్ళు ఒకరి వెనుక ఒకరు నీళ్ళలో నీడల్లా స్థానాలు మార్చుకుంటున్నారు. నేనొక్కణ్ణే మధ్యలో కదలకుండా నిలుచున్నాను. బావి గిలక తిరుగుతున్నది, పాట వస్తున్నది, పాడే మనిషి మాత్రం నాకు వీపు చూపుతున్నాడు. ముఖం తిప్పమని అడిగేలోగా మెలకువ వచ్చింది.

దీపకు నిర్ణయాత్మకమైన లేఖ రాయాలనుకున్నాను. అందుకు బలమైన పత్రం ఒకటి నా వద్ద ఉన్నది. ఫోటో తీసిన రోజున స్టూడియో మున్షీ మా వరుస ముందు నిలబడి, ఒక్కొక్కరినీ పేరడిగి ఉర్దూలో రాసుకున్న చీటీ అది. దాన్ని చూసే నేను ఇంగ్లీషు శుద్ధప్రతి తయారు చేశాను. చీటీని కవరులో దాచానుగాని, కవరును తెరవవలసిన అవసరం ఇన్నేళ్ళూ రాలేదు. నా చిన్నతనపు బడి నిజాం కాలపుది కనుక ఉర్దూ నాకు చదవవచ్చు.

కవరు తెరిచాను. ఐదు పేర్లు సరిగ్గా ఉన్నాయి, నేను అచ్చుకు పంపిన క్రమంలోనే. ప్రతి పేరు పక్కన నేను పెన్సిలుతో పెట్టిన గుర్తు ఉన్నది. పేర్లకు పైన, చిన్న అక్షరాలతో, మున్షీ ఒక మాట రాశాడు: దాయే సే. కుడి నుంచి అని అర్థం.

ఆయన చెయ్యి కుడి నుంచి రాసే చెయ్యి. వరుసనూ కుడి నుంచే మొదలుపెట్టాడు, తాను అట్లా చేసినట్టు నిజాయితీగా తెలిపాడు కూడా. ఇరవై ఏళ్ళ కార్యదర్శికి ఆ మాట అనవసరంగా తోచింది. కళాశాల పత్రికలో ప్రతి బృంద చిత్రం కింద ఏమి ఉంటుందో అతనికి తెలుసు. పేర్లను మాత్రం ఎత్తి రాసి, పైన తన పద్ధతి ప్రకారం ‘ఎడమ నుంచి కుడికి’ అని చేర్చాడు. ఐదుగురి వరుసలో మూడోవాడు ఏ వైపు నుంచి లెక్కించినా మూడోవాడే. నా స్థానం సరిగ్గా ఉన్నది గనుక మిగతావారి స్థానాలు నేను పరీక్షించలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ తరువాత పెట్టె తెరిచినప్పుడు, నాకు మసకగా గుర్తున్న ముఖాలకూ అచ్చులోని పేర్లకూ పొంతన కుదరకపోతే, నేను నా జ్ఞాపకాన్నే దిద్దుకున్నాను.

భూతద్దం తీసుకొని ఎడమ చివరి మనిషిని చూశాను. పలుచని చెంపలు, కొద్దిగా వంగిన భుజం, లేని కట్టె మీద ఆనుకున్న శరీరం. చాలాసేపు చూశాను. వెలుతురు బల్ల అంచు దాకా జరిగిపోయింది. ఎప్పుడో తెలియదు, ఆ పెదవులకు పాట అతుక్కున్నది. బావి దగ్గరి గొంతు తన ముఖంలోకి తాను వచ్చి కూర్చున్నది.

మరుసటి రోజు స్టూడియోలో ఆ ముఖాన్ని పెద్దది చేయించాను. ప్రయాణానికి సిద్ధమవుతుంటే సునంద అడ్డుపడింది.

"దీపకు ఒక్క ఫోన్ చేస్తె అయిపాయె గదా. గంత దూరం మీరు పోవుడెందుకు?"

"తప్పు రాతపూర్వకంగా చేశాను. వెళ్ళి హాజరై చెప్పాలి."

"రిటైరయ్యి ఇరవై ఆరేండ్లాయె. ఇంక గా హాజరు పట్టీ ఇడ్వరు," అంటూనే ఆమె సంచిలో నీళ్ళ సీసా, మందులు పెట్టింది.

ఫిబ్రవరి 28 ఉదయం మహబూబాబాదులో రైలు దిగాను. దీప ఆటోతో ఎదురు వచ్చింది. కొత్తగూడ దారి పొడవునా మోదుగులు పూసి ఉన్నాయి. ఆకు లేని కొమ్మలన్నీ ఎర్రగా, ఎండలో కదలకుండా నిలుచున్నాయి. అడవి లోపల ఎక్కడో మేకల మెడగంటలు వినబడి ఆగిపోయాయి. నేను దారిలో దీపకు చీటీ సంగతి చెప్పాను.

"అవ్వను మేమందరం ఒక్కతీరుగ సతాయించినం సార్," అన్నది దీప.

చదువుల గది ముందు జనం చేరి ఉన్నారు. గోడ మీద ఫ్రేముకు బట్ట కప్పి ఉంచారు. గంగి అక్కడ లేదు. తన ఇంటి ముందు నీడలో కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది. నేను ముందు ఆమె దగ్గరకే వెళ్ళాను.

"అమ్మా, మీరు చెప్పినదే నిజం. తప్పు నాది. వరుసను నేను తిరగేసి రాశాను," అన్నాను.

ఆమె చేతిలోని గింజను పక్కన వేసి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"గిది చెప్పనీకేనా గింత దూరం వచ్చినవు?"

"అవునమ్మా."

"ముసలోనివి. కూసో. నీళ్ళు తాగు."

కూర్చున్నాను, నీళ్ళు తాగాను. తరువాత సంచిలోంచి పటం తీసి ఆమెకు ఇచ్చాను. ఆమె చేతులు రెండుసార్లు తుడుచుకొని అందుకున్నది. పటాన్ని ఒళ్ళో పెట్టుకొని, దానితో తమ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ మాటల్లో కసురుకోవడం ఉన్నది, వివరించడం ఉన్నది, ఒకచోట నవ్వు కూడా ఉన్నది. అరవై రెండేళ్ళ కబుర్లు కాబట్టి తొందరగా ముగియలేదు. దీప నాకు అనువదించలేదు. నేను అడగలేదు.

తరువాత చదువుల గది ముందు నిలబడి, అందరికీ వినబడేటట్టు, జరిగిన పొరపాటును మొదటి నుంచి చెప్పాను. ప్రిన్సిపాలుగా ఎన్నో సభలలో మాట్లాడాను. అంత నిశ్శబ్దంగా నన్ను ఎవరూ వినలేదు. తండా పెద్ద అమర్‌సింగ్ బట్ట తొలగించి పాత ఫ్రేమును కిందికి దించాడు. దానికి ముందే వేసిన దండను చూసి నవ్వాడు.

"నాలుగొద్దుల సంది పరాయోనికి దండం పెట్టినం గదనే గంగక్కా!"

"పెడితె ఏం పాయెర? గాయన గూడ సచ్చినోడే గదా. పుణ్యమే," అన్నది గంగి. "సారూ, గా దుకాణపాయన ఇంటోళ్ళున్నరా? ఉంటె గా ఫోటో ఆళ్ళకియ్యి. ఆళ్ళ తాన గూడ మా భియానే ఉన్నడేమో, తెచ్చుకో."

జనం గొల్లుమన్నారు. ఈసారి నేనూ నవ్వాను.

గంగి కొత్త పటాన్ని తన చేతితోనే మేకుకు తగిలించింది. అది కొంచెం ఒరిగి ఉన్నది. సరిచేయబోయిన యువకుణ్ణి ఆమె వారించింది. ఆమె దండ వేసింది. పిల్లలు ఒక్కొక్కరుగా లోపలికి వచ్చి, పటం ముందు ఆగి, ఆ ముఖాన్ని చూసి, పుస్తకాల వైపు వెళ్ళారు.

జనగామకు తిరిగి వచ్చిన మరునాడు, 2025 మార్చి 2న, సేకరణ రిజిస్టరులో నలభై ఒకటో సంఖ్య ఎదుట ఈ క్రింది వాక్యాలు నమోదు చేసి సంతకం చేశాను:

"ఈ ఛాయాచిత్రంలోని వ్యక్తులను అరవై నాలుగు సంవత్సరాల తరువాత సరిగా గుర్తించినవారు కొత్తగూడ మండల వాస్తవ్యులు శ్రీమతి గంగి గారు. అచ్చయిన అక్షరమూ, పత్రికా ప్రచురణా, విద్యావంతుల మాటా, సొంత బంధువుల ఒత్తిడీ తమకు వ్యతిరేకంగా ఉన్నప్పటికీ, వారు తాము చూసినదాన్ని విడిచిపెట్టలేదు. ఈ సేకరణలో జరిగిన అతి పెద్ద దోషాన్ని సరిదిద్దిన ఘనత పూర్తిగా వారిది. సేకరణకర్త ఇందుకు వారికి సవినయంగా కృతజ్ఞత తెలుపుకుంటున్నాడు."